ఆకాశదర్పణం క్రింద చెరువులు

ఫలక్‌నుమా అనగా ఆకాశానికి అద్దం. 1884లో వికారుల్ ఉమ్రా కొండమీద పునాది వేసిన సౌధానికి ఆ పేరు వచ్చినది. పిదప ఆ పేటకూ అదే నిలిచినది. కాని ఆ ప్రాంతంలో ఆకాశాన్ని నిజంగా ప్రతిఫలింపజేసినవి చెరువులు. వానిలో ప్రసిద్ధమైనది, 19వ శతాబ్ది తొలి సంవత్సరాలలో దివాను మీర్ ఆలం కట్టించిన చెరువు. 21 కమానులు వరుసగా నీటివైపు వంపు తిరిగి నిలబడటం దాని కట్ట విశేషం. నీటి ఒత్తిడిని కమాను తన ఇరుప్రక్కల స్తంభాలకు పంచి ఇస్తుంది. ఉస్మాన్‌సాగర్ నిర్మాణానికి పూర్వం నగరవాసులకు త్రాగునీరిచ్చిన ముఖ్యమైన చెరువు అదే.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది ప్రాణాలను బలిగొన్నది. ఎగువనున్న చెరువులు అనేకం తెగి, ఆ నీరంతా నదిలో కలియడం వరద ఉధృతిని పెంచినది. మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వం ఆహ్వానంపై వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, వరదను నగరానికి ఎగువనే నిలువరించాలని సూచించినారు. ఆ ఆలోచన ఫలితంగా మూసీపై 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీపై 1927లో హిమాయత్‌సాగర్ పూర్తి అయినవి. ముంపు భయం తగ్గినది; దాహమూ తీరినది.

అయితే ఏ జలాశయమూ మూల్యం లేకుండా రాదు. కట్టకు ఎగువన కొత్త నీటి అంచు ఏర్పడి తుంగకు, చేపపిల్లలకు, కొంగలకు నెలవు కాగా, దిగువన నది తన సహజ ప్రవాహాన్ని కోల్పోయినది. ఎండిన ఏటిగర్భంలోకి క్రమంగా నగరపు మురుగు చేరినది. లోతులేని అంచునే చిత్తడినేల అంటారు. అది వాననీటిని పీల్చి భూగర్భానికి అందిస్తుంది, ఒండ్రును వడకడుతుంది. దానిని పూడ్చినవాడు జలాశయపు ఊపిరిని బిగించినట్లే.

ఈ సత్యాన్ని గ్రహించియే 1996లో ప్రభుత్వం 111వ నంబరు ఉత్తర్వు జారీ చేసినది. రెండు సాగరాల పూర్తి నీటిమట్టం నుండి 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాలలో, కాలుష్యకారక పరిశ్రమలను, పెద్ద కట్టడాలను అది నిషేధించినది. ఒక పరిశ్రమకు ఇచ్చిన మినహాయింపును 2000లో సుప్రీంకోర్టు త్రోసిపుచ్చినది. అయినను 2022లో 69వ నంబరు ఉత్తర్వుతో ప్రభుత్వమే ఆ ఆంక్షలను తొలగించినది.

చిత్రమైన విషయం మరొకటి. 2017 నాటి చిత్తడినేలల నియమావళి, త్రాగునీటికి, సేద్యానికి ప్రత్యేకంగా మనుష్యులు నిర్మించిన జలాశయాలను తన నిర్వచనం నుండి మినహాయించినది. మన చెరువులో? దాదాపు అన్నీ మానవనిర్మితాలే! వలసవచ్చే పక్షికి ఆ భేదం తెలియదు. వరదకు అంతకన్నా తెలియదు.

2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన కుండపోతకు పల్లెచెరువు నీరు ఫలక్‌నుమా ప్రాంతంలోని అల్ జుబైల్ కాలనీని ముంచివేసినది. నాలుగు రోజుల తరువాత బాలాపూర్ గుర్రంచెరువు వంతు వచ్చినది. నీరు తన పాతదారిని మరువలేదు. ఆ దారిలో ఇల్లు కట్టుకున్న నిరుపేదకు మాత్రం, తాను నిలిచినది చెరువు శిఖమని చెప్పినవారు ఎందరు?

శాసనం కాగితంపై ఉన్నంతకాలం దానిని సడలించడం సులభం. అది ప్రజల జ్ఞానంగా మారినప్పుడు కష్టం. పాఠశాల పటంలో గంగాయమునలను గుర్తించే విద్యార్థి, తన పేట చెరువుకు పూర్తి నీటిమట్టం ఎక్కడిదాకా ఉన్నదో, మిగులునీరు ఏ అలుగు మీదుగా ఏ చెరువుకు పోవలెనో కూడ గుర్తించగలగాలి. ఉపాధ్యాయుడు ఒక్కనాడు తరగతిని కట్టమీదికి నడిపిస్తే చాలు. భూగోళశాస్త్రం, చరిత్ర, పౌరధర్మం మూడూ అక్కడే బోధపడతాయి.