మీకు తెలుసా? మిషన్‌కు లొంగని అల్లిక

క్రోషియాను అచ్చం చేతి అల్లికలా అల్లే మిషన్ ఇంతవరకు బజారులోకి రాలేదు. చవగ్గా దొరికే మిషన్ లేసు చూడ్డానికి అలా ఉంటుంది, అంతే. అంటే ఎవరైనా మీకు క్రోషియా దుప్పటి ఇచ్చారంటే, దాని వెనక ఎవరో గంటల తరబడి కూర్చున్నారన్నమాట.

రెండు సూదులతో స్వెటర్ అల్లేటప్పుడు వరుసలోని కుట్లన్నీ సూది మీదే ఉంటాయి. క్రోషియాలో ఒక కుట్టు పూర్తయ్యాక కొక్కెం సూదికి సాధారణంగా ఒక్క ఉచ్చే మిగులుతుంది. సూది జారినా ఆ ఉచ్చును పట్టుకుంటే చాలు. అందుకే వికారాబాద్‌లో రైలెక్కి తాండూరులో దిగేలోపు ఒకటో రెండో చిన్న చదరాలు అల్లేయొచ్చు. అలాంటివన్నీ కలిపితే దుప్పటి. అనంతగిరి చలికి ఉన్ని దారం మేలు. గుమ్మం తోరణానికి, టీవీ మీది గుడ్డకు నూలు దారం.

తెలుగునాట క్రోషియా లేసుకు పెట్టింది పేరు పశ్చిమ గోదావరిలోని నరసాపురం. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన పని చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పాకి, లేసు విదేశాలకు ఎగుమతయ్యింది. 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపూ దక్కింది. కూలి మాత్రం ఎప్పుడూ అంతంతే. రోజంతా అల్లే ఆడవాళ్లను ‘ఖాళీగా ఉన్న గృహిణులు’గా లెక్కేసి, వ్యాపారులు ఎలా లాభపడ్డారో సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’లో రాసింది.

అన్నట్టు, ఉతికిన క్రోషియాను దండెం మీద వేలాడేయకండి, సాగిపోతుంది. తువ్వాలు మీద పరిచి ఆరబెట్టండి.