కనబడని హీరోని చెక్కుతున్నాం!

'గీతాంజలి' (1989) పాటలు వింటుంటే మీ కాలు దానంతటదే ఆడుతుందా? ఆడించేది ఎవరో గమనించారా? నాలుగు తీగల బాస్ గిటార్! ఇళయరాజా గారి పాటల్లో అది తాళానికి తోడు మాత్రమే కాదు, గాయకుడి కింద తనూ ఒక పాట పాడుతుంది.

కొందామంటే జేబు ఒప్పుకోలేదు. అందుకే కరీంనగర్‌లో నేనూ, తలుపులు చేసే మా వడ్రంగి కాకా కలిసి ఆదిలాబాద్ టేకుతో ఒకటి చెక్కుతున్నాం.

"ఇదేంది బిడ్డా, గిటారా గొడ్డలా? ఇంత బరువున్నది!" అని కాక ఒకటే నవ్వుడు.

బరువు సంగతలా ఉంచండి, ప్రాణమంతా కొలతలోనే! 1951లో అమెరికాలో లియో ఫెండర్ తన బాస్‌కి 'ప్రెసిషన్' అని పేరు పెట్టింది ఊరికే కాదు. తీగ పొడవు 34 అంగుళాలు. దాన్ని 17.817తో భాగిస్తే మొదటి మెట్టు 1.9 అంగుళాల దగ్గర. మిగిలిన పొడవుని మళ్లీ అలాగే భాగించాలి. 12వ మెట్టు సరిగ్గా సగంలో పడితే పాసైనట్టే. వెంట్రుకవాసి తప్పితే జీవితాంతం అపస్వరమే!

నాలుగు తీగలూ కలిసి 70 కిలోలకు పైనే లాగుతాయి. మెడ వంగకుండా లోపల ఇనుప కడ్డీ పెట్టాం. ఇది విన్నాక కాక నవ్వు ఆపిండు. ఇక తీగలు బిగించడమే మిగిలింది. మెడ నిలుస్తుందా? ఇద్దరికీ గుండె దడే!

అయినా ఆదిలాబాద్‌లో పర్ధాన్ కళాకారులు మూడు తీగల కిక్రి మీద గోండుల గాథలు పాడతారు. చెక్కకి పాట నేర్పడం మన అడవికి కొత్తేం కాదు!

ఈసారి థియేటర్లో హీరోయిన్‌ని కాసేపు వదిలి ఆ కింది స్వరాన్ని వెతకండి. దొరికితే మీరూ మా పార్టీయే!