పాత స్నేహితుడి నుంచి అనుకోని ఫోన్: ఆ సంతోషం ఎందుకంత నిలుస్తుంది?

పదో తరగతిలో ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరు. తర్వాత కాలేజీలు వేరయ్యాయి, ఊళ్లు మారాయి. తగవేమీ లేకుండానే మాటలు ఆగిపోయాయి. ఏళ్లు గడిచాక ఒక సాయంత్రం ఒకరి ఫోన్ మోగుతుంది: "ఏరా, గుర్తున్నానా?" మాట్లాడింది పది నిమిషాలే అయినా ఆ ఉత్సాహం రోజుల తరబడి వదలదు. చాలామందికి తెలిసిన ఈ అనుభవం వెనుక ఏముందో శాస్త్రవేత్తలు ప్రయోగాలతో పరిశీలించారు.

ఊహించనిదానికే విలువ ఎక్కువ

మన మెదడు ఎప్పుడూ ఏం జరగబోతుందో అంచనా వేస్తూ ఉంటుంది. అంచనాకు, జరిగినదానికి తేడా వస్తే గట్టిగా స్పందిస్తుంది. వోల్ఫ్‌రామ్ షుల్జ్ బృందం కోతులపై చేసిన ప్రయోగాల్లో ఇది స్పష్టంగా కనిపించింది. ముందస్తు సూచన లేకుండా పళ్లరసం చుక్క నోట్లో పడినప్పుడు కోతి మెదడులోని డోపమిన్ కణాలు చురుగ్గా స్పందించాయి. రసం రాబోతోందని ఒక సంకేతం ద్వారా ముందే తెలిస్తే, అది అందిన క్షణంలో ఆ స్పందన కనిపించలేదు.

పళ్లరసం, పలకరింపు ఒకటి కావు. అయితే పలకరింపులోనూ ఆశ్చర్యానికి పెద్ద పాత్రే ఉందని 2022లో వెలువడిన ఒక అధ్యయనం చెబుతోంది. అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన పెగ్గీ లియూ, ఆమె సహచరులు 5,900 మందికి పైగా పాల్గొన్న 13 ప్రయోగాలు చేశారు. కొన్నింటిలో, కొంతకాలంగా మాటల్లేని పరిచయస్థులకు చిన్న సందేశమో, చిరుకానుకో పంపమన్నారు. అవతలివారు ఎంత సంతోషిస్తారని పంపినవారిని అడిగారు. నిజంగా ఎంత సంతోషించారని అందుకున్నవారిని అడిగారు. పంపినవారి అంచనా కంటే అందుకున్నవారి సంతోషమే ఎక్కువగా తేలింది. "ఇన్నాళ్లకు నన్ను తలచుకున్నారే" అన్న ఆశ్చర్యం మీదే అందుకున్నవారి దృష్టి ఉంటుంది. పంపేవారు దాన్ని లెక్కలోకి తీసుకోరు. పలకరింపు ఎంత అనూహ్యమైతే ఈ తేడా అంత పెరిగింది.

గొంతు చేసే పని

మరి వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెడితే సరిపోదా? అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2021లో ప్రచురించిన పరిశోధనలో పాత స్నేహితులను కొందరు ఫోన్‌లో, కొందరు ఈమెయిల్‌లో పలకరించారు. ఫోన్ అయితే మాటలు దొరక్క ఇబ్బందిగా ఉంటుందని చాలామంది ముందుగా భయపడ్డారు. తీరా చూస్తే ఫోన్ చేసినవారికి అదనంగా ఇబ్బందేమీ కలగలేదు, అనుబంధం మాత్రం ఎక్కువ గట్టిగా అనిపించింది. మాటల్లోని విరామం, నవ్వు, తడబాటు కూడా సమాచారమే. అక్షరాల్లో అవి అందవు.

నిద్రపోయే బంధాలు

ఆగిపోయిన పరిచయాలను పరిశోధకులు నిద్రాణ బంధాలు అంటారు. డేనియల్ లెవిన్, సహచరులు 2011లో ఉన్నతోద్యోగులపై చేసిన అధ్యయనంలో, పాత పరిచయస్థులను తిరిగి కలిసి తమ పని గురించి సలహా అడగమన్నారు. మాటలు ఆగినా పాత నమ్మకం చెక్కుచెదరలేదు. పైగా ఇద్దరూ వేర్వేరు దారుల్లో నడిచి వచ్చారు కాబట్టి కొత్త విషయాలు తెలిశాయి. కొత్తగా పరిచయమైనవారితో ఆ నమ్మకం కుదరడానికి ఏళ్లు పడుతుంది. పాత స్నేహితుడి ఫోన్‌కు అంత బలం ఉండటానికి ఇదో కారణం.

అయినా ఎందుకు చేయం?

లారా అక్నిన్, గిలియన్ శాండ్‌స్ట్రామ్ 2024లో ప్రచురించిన ప్రయోగాల్లో, పాత స్నేహితుడి నంబరు దగ్గరున్నా, పలకరించాలని మనసులో ఉన్నా, సందేశం రాయడానికి సమయం ఇచ్చినా, పంపినవారు మూడింట ఒక వంతు కంటే తక్కువే. కాలం గడిచేకొద్దీ స్నేహితుడు కూడా అపరిచితుడిలా అనిపిస్తాడని వారి వివరణ. దీనికి వారు చూపిన ఉపాయం చాలా సులువు. ముందు మూడు నిమిషాలు ఇప్పటి స్నేహితులకు సందేశాలు పంపి, ఆ తర్వాత పాత స్నేహితుడికి రాయమన్నారు. అప్పుడు సగానికి పైగా పంపారు.

ఇది సరదా విషయం మాత్రమే కాదు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం బాధిస్తోందని 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక తెలిపింది. పెళ్లయి ఊరు మారినవారికి, గల్ఫ్‌కు వెళ్లినవారికి, పిల్లలు దూరంగా ఉన్న తల్లిదండ్రులకు ఈ లెక్క కొత్తేమీ కాదు. ఒక్క కాల్‌తో ఒంటరితనం పోదు, కొనసాగింపు కావాలి. 2021లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో, 240 మందిలో కొందరికి యువ వాలంటీర్లు నాలుగు వారాల పాటు తరచూ ఫోన్ చేసి వారి మాటలు విన్నారు. ఫోన్లు అందుకున్నవారిలో ఒంటరితనం, కుంగుబాటు, ఆందోళన తగ్గాయి.

మన దగ్గర ఇంకో చిక్కుంది. ఏళ్ల తర్వాత ఫోన్ వస్తే "అప్పు అడుగుతాడా, పాలసీ అమ్ముతాడా" అన్న అనుమానం ముందు పుడుతుంది. కాబట్టి ఫోన్ చేసేవారు మొదటి మాటగా "పనేమీ లేదు, ఊరికే గుర్తొచ్చావు" అని చెప్పేస్తే మంచిది. పెట్టేసే ముందు మళ్లీ ఎప్పుడు మాట్లాడుకుందామో కూడా అనుకుంటే, నిద్రలేచిన బంధం మళ్లీ నిద్రపోదు.