పొగ పట్టించిన గాజుబిళ్ల

పై నీళ్లకూ లోపలి నీళ్లకూ వేడిలో ఉన్న తేడా చాలు, జలాంతర్గామి దాక్కోవడానికి. ఆ తేడా ఏ నెలలో ఎక్కడ ఎంత ఉంటుందో నౌకాదళాలు ఎనభై ఏళ్లకు పైగా లెక్క రాసుకుంటున్నాయి.

సంపాదకుడు అడిగింది ఉపగ్రహాల కథ. నౌకాదళం వాతావరణ లెక్కలను ఎలా వాడుకుంటుందో రంగురంగుల పటాలతో ఆదివారానికి కావాలన్నారు. పటాలకేం, బోలెడు దొరికాయి. వాటి మధ్య ఒక పాత ఫొటో కనబడేసరికి అవన్నీ వెలవెలబోయాయి. అగ్గిపెట్టె పాటి గాజుబిళ్ల. దాని నిండా మసి. ఆ మసిలో సూదితో గీకినట్టు ఒక వంకర గీత. గ్రహణం రోజున గాజుముక్కకు బుడ్డిదీపం మీద పొగ పట్టించి సూర్యుణ్ని చూసిన తరానికి ఆ ఫొటో చూస్తేనే వేళ్లకు మసి అంటుతుంది.

ఆ గీత గీసింది సముద్రం.

1937లో క్యూబా తీరంలోని గ్వాంటనామో దగ్గర అమెరికా నౌకాదళం సెమ్స్ అనే డిస్ట్రాయర్ మీద సోనార్‌ను పరీక్షిస్తోంది. నీళ్లలోకి శబ్దాన్ని వదిలి, జలాంతర్గామికి తగిలి వెనక్కొచ్చే ప్రతిధ్వనిని పట్టుకోవాలి. పొద్దున పూట చక్కగా పట్టేది. మధ్యాహ్న భోజనాలు కాగానే మొరాయించేది. యంత్రం విప్పి చూస్తే లోపమేమీ లేదు. సుష్టుగా తిన్న కుర్రాళ్లు యంత్రం ముందు కునుకు తీస్తున్నారేమోనని అధికారులకు అనుమానం. వుడ్స్‌హోల్ సముద్ర పరిశోధన సంస్థకు చెందిన కొలంబస్ ఐస్లిన్ తమ నౌక అట్లాంటిస్‌లో వచ్చి నీటి వేడి కొలిచాక గానీ అసలు సంగతి తేలలేదు. ఎండకు పైపైన కొద్ది మీటర్ల నీరు ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కుతోంది. అంతే.

సముద్రంలో శబ్దం సెకనుకు దాదాపు 1500 మీటర్లు పోతుంది. వెచ్చటి నీళ్లలో మరో డిగ్రీ పెరిగితే ఆ వేగానికి రెండు మూడు మీటర్లు కలుస్తాయి. తేడా చిన్నదే గానీ శబ్దానికి ఒక గుణం ఉంది, ఎటు నీళ్లలో నెమ్మదిగా పోగలదో అటే వంగుతుంది. పైన వెచ్చగా, కింద చల్లగా ఉంటే కిందికి ఒరిగిపోతుంది. కొంత దూరం పోయాక పై నీళ్లలో శబ్దం చొరబడని నీడ మిగులుతుంది. ఆ నీడలో ఉన్న జలాంతర్గామి సోనార్ లెక్కలో లేనట్టే. దీనికి 'మధ్యాహ్న ప్రభావం' అని పేరు పెట్టారు. కుర్రాళ్లు బతికిపోయారు.

ఆ వేడి తేడాను లోతు వెంబడి కొలవడానికి అదే కాలంలో ఎథెల్‌స్టన్ స్పిల్‌హౌస్ తయారుచేసిన సాధనం బాతీథెర్మోగ్రాఫ్. నోరు తిరగని పేరు కాబట్టి ఓడల్లో అది బీటీ అయింది. చిన్న టార్పెడోలా ఉండే లోహపు గొట్టం. లోపల సైలీన్ అనే ద్రవం నింపిన సన్నటి రాగి గొట్టం చుట్టలు చుట్టి ఉంటుంది. వేడి మారితే ఆ ద్రవం వ్యాకోచించో కుంచించుకునో సూదిని పక్కకు జరుపుతుంది. లోతుకు దిగేకొద్దీ నీటి ఒత్తిడి గాజుబిళ్లను నెడుతుంది. ఒకటి వేడి, ఒకటి లోతు. రెండూ కలిసి మసిలో గీత అవుతాయి. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. తీగ కట్టి దించడం, పైకి లాగడం, బిళ్ల తీసి దాని మీదే తేదీ, వేళ గీకడం. మసి చెదరకుండా పైన వార్నిష్ లాంటి పూత.

గీత కొంతమేర నిటారుగా దిగి, ఉన్నట్టుండి పక్కకు వాలిందంటే అక్కడ పొర మారిందని అర్థం. వేటాడే ఓడకూ దాక్కునే జలాంతర్గామికీ కావలసింది ఆ మలుపే. రెండో ప్రపంచ యుద్ధంలో బీటీలను జలాంతర్గాములకూ బిగించారు. పొర కింద చల్లటి నీరు బరువైనది కనుక, మరలు ఆపేసి దాని మీద పరుపు మీద పడుకున్నట్టు చప్పుడు లేకుండా ఉండిపోవచ్చని కెప్టెన్లు త్వరగానే నేర్చుకున్నారు.

ఒక బిళ్ల ఆ పూట సంగతే చెబుతుంది. అలాంటివి వేలకు వేలు వుడ్స్‌హోల్‌కూ, కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థకూ చేరాయి. నెలవారీగా, చోటువారీగా పేర్చి చూస్తే సముద్రానికి ఒక పంచాంగం తయారైంది. జలాంతర్గాముల కోసం నౌకాయాన మార్గదర్శినులకు ప్రత్యేక అనుబంధాలు అచ్చయ్యాయి. ప్రణాళిక వేసేవాడికి ఇదే ఆధారం. వారం లోపు సంగతైతే వాతావరణ సూచన చూసుకోవచ్చు. మూడు నెలల తర్వాత వెళ్లబోయే చోట పొర ఎంత లోతున ఉంటుందో ఏ సూచనా చెప్పలేదు. ఏళ్ల తరబడి పోగుచేసిన సగటే చెప్పాలి. ఉపగ్రహం ఎంత గొప్పదైనా సముద్రపు చర్మాన్నే చూస్తుంది. కథంతా దాని కింద జరుగుతుంది.

పాత చరిత్ర కావాలంటే క్లుప్తంగా: 1842లో అమెరికా నౌకాదళపు పటాల విభాగానికి అధిపతి అయిన మాథ్యూ మోరీ, మూలన పడ్డ ఓడల లాగ్ పుస్తకాలు దులిపి గాలుల, ప్రవాహాల పటాలు గీయించాడు. 1847 నుంచి అవి అచ్చయ్యాయి. 1853లో బ్రస్సెల్స్‌లో పలు దేశాలు కూడి, ఓడల్లో వాతావరణాన్ని ఒకే పద్ధతిలో రాయాలని ఒప్పుకున్నాయి.

ఇక మన బంగాళాఖాతం. గ్వాంటనామో పాఠం ఇక్కడ అన్నివేళలా చెల్లదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ కుమ్మరించే మంచినీరు ఉప్పునీటి మీద తేలిక మూతలా పరుచుకుంటుంది. చలికాలంలో ఉత్తర భాగంలో ఆ మూత చల్లబడినా తేలికగానే ఉంటుంది కాబట్టి మునగదు. పైన చల్లన, కింద వెచ్చన! అప్పుడు శబ్దం పైకి వంగి, ఉపరితలాన్ని పట్టుకునే సాగిపోతుంది. వేరే సముద్రం పుస్తకం పట్టుకుని ఇక్కడికొస్తే తలకిందులే.

ఈ లెక్కలకు వాల్తేరులో ఒక మంచి అధ్యాయం ఉంది. అమెరికా నౌకాదళ ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాల శాస్త్రవేత్త ఇ.సి. లాఫాండ్ 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి పాఠాలు చెప్పడానికి వచ్చి, భారత నౌకాదళ ఓడల సాయంతో ఈ తీరాన్ని కొలిపించారు. ఎండాకాలం మొదట్లో తీరం వెంట వీచే గాలికి పై నీరు లోపలికి తరలిపోతే అడుగు నుంచి చల్లటి నీరు పైకి రావడం, ఆటుపోట్లతో పాటు వేడి పొరలు లేచి పడటం విశ్వవిద్యాలయ గ్రంథాల్లోకి ఎక్కాయి. తర్వాత అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్ర కాలంలో విశాఖకు ఎదురుగా నీటి అడుగున లోయలు బయటపడితే లాఫాండ్ వాటికి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. మహదేవన్ అంటే ఆ విశ్వవిద్యాలయపు భూగర్భశాస్త్ర ఆచార్యుడు. బీచ్ రోడ్డులో సాయంత్రం బఠాణీలు తినేవారిలో ఎందరికి తెలుసో మరి.

1960లలో బీటీ స్థానంలోకి తీగ తెంచి పారేసే ఎక్స్‌బీటీ వచ్చింది. సౌకర్యంగానే ఉంది గానీ అది లోతును కొలవదు, పడుతున్న సమయాన్నిబట్టి లెక్కగడుతుంది. ఆ లెక్కలో చిన్న తప్పు దొర్లింది. దాంతో 1970లలో సముద్రాలు ఉన్నదానికన్నా ఎక్కువ వేడెక్కినట్టు కనిపించాయని 2007లో గానీ తేలలేదు. మసి గీత మీద ఈ వ్యాసకర్తకున్న మమకారం ఆ రోజు మరికాస్త పెరిగింది. ఇప్పుడు ఆ పని ఆర్గో బోయలది. పది రోజులకోసారి 2000 మీటర్ల లోతు నుంచి కొలుచుకుంటూ పైకొచ్చి, ఉపగ్రహానికి లెక్క అప్పజెబుతాయి. హిందూ మహాసముద్రపు ఆర్గో లెక్కలకు ప్రాంతీయ కేంద్రం సముద్రమే లేని హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ.

మంచు కింద

1958 ఆగస్టు 3న నాటిలస్ జలాంతర్గామి ఉత్తర ధ్రువం కింద నుంచి పోయింది. అప్పటి నుంచి అమెరికా జలాంతర్గాములు తలకు మంచు తగలకుండా దాని మందాన్ని కొలుస్తూ వచ్చాయి. రహస్యంగా దాచిన ఆ కొలతల్లో కొన్నింటిని శాస్త్రవేత్తల చేతికిచ్చాక, 1958-76 నాటికి సగటున 3.1 మీటర్లు మునిగి ఉన్న మంచు 1990లకు 1.8 మీటర్లకు తగ్గిందని 1999లో తేలింది.

ఫిబ్రవరే ఎందుకు?

విశాఖలో 2016 అంతర్జాతీయ నౌకా సమీక్ష, 2022 రాష్ట్రపతి సమీక్ష, 2024 మిలన్ విన్యాసాలు అన్నీ ఫిబ్రవరిలోనే. బంగాళాఖాతంలో తుపానులు అతి తక్కువగా వచ్చే నెలల్లో అదొకటి. యాదృచ్ఛికమని నమ్మడం కష్టం. నేవీ డేకు ఆ వెసులుబాటు లేదు. 1971 డిసెంబర్ 4 రాత్రి కరాచీ మీద జరిగిన దాడి ఆ తేదీని ఖాయం చేసింది. 2023లో సరిగ్గా అదే వేళకు మిచాంగ్ తుపాను వచ్చి డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. విశాఖ ఆర్కే బీచ్‌లో నేవీ డే విన్యాసాలు 10వ తేదీన జరిగాయి.