ఓడినందుకు తీసేయకూడదు, అయినా తీసేస్తారు

ఫుట్‌బాల్ కోచ్ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో స్కోరు చూసి చెప్పలేం. సంతకం పెట్టిన కాగితం చూడాలి, జీతం ఏ తేదీన పడిందో చూడాలి.

ఫుట్‌బాల్ కోచ్‌ల ఉద్యోగాలు ఎందుకు పోతాయో ముఖచిత్ర కథనం రాయమన్నారు సంపాదకులు. ఆదివారం సంచిక కనక గడువు తక్కువ. ఓటముల పట్టికలు ముందేసుకుని కూర్చుంటే అన్నీ ఒకేలా కనిపించాయి. మూడు మ్యాచ్‌లు ఓడారు, తీసేశారు. ఐదు ఓడారు, తీసేశారు. అవి పక్కన పెట్టి ఫిఫా నిబంధనల పుస్తకం తిరగేస్తే అందులో కోచ్‌ల కోసం రాసిన ఒక అనుబంధం దొరికింది. ఉన్నవి కొన్ని పేజీలే, భాష కోర్టు కాగితాల భాషే. అయినా ఈ కథనానికి ప్రాణం నాకు అక్కడే కనిపించింది. కాబట్టి పాఠకులు మన్నించాలి, గోల్స్ గురించి తక్కువా ఆ కాగితం గురించి ఎక్కువా రాస్తున్నాను.

ఆటగాళ్ల ఒప్పందాలకు ఫిఫా రక్షణలు ఎప్పటినుంచో ఉన్నాయి. కోచ్‌లకు వేరుగా రాతపూర్వకమైన నియమాలు అమల్లోకి వచ్చింది మాత్రం 2021 జనవరి 1న. వాటి ప్రకారం కోచ్ ఒప్పందం గడువు తీరితే ముగుస్తుంది, లేదా ఇద్దరూ ఒప్పుకుంటే ముగుస్తుంది. మధ్యలో ఒక పక్షం తెంచుకోవాలంటే న్యాయమైన కారణం చూపాలి. మ్యాచ్‌లు ఓడిపోవడం అలాంటి కారణం కాదు. ఫిఫా ట్రైబ్యునల్, స్విట్జర్లాండ్‌లోని క్రీడల మధ్యవర్తిత్వ న్యాయస్థానం తమ ముందుకొచ్చిన తగాదాల్లో పాటిస్తున్న సూత్రం ఇది. గెలుపు తెచ్చి పెడతానని ఏ కోచ్ కూడా పూచీ ఇవ్వలేడు. పెనాల్టీ గోల్‌పోస్టుకు తగిలి వెనక్కి వస్తే దానికి అతను బాధ్యుడు కాడు.

అంటే పత్రికల్లో రోజూ చదివే ‘వరుస పరాజయాలతో కోచ్‌పై వేటు’ అన్న వార్త, నిబంధనల ప్రకారం చూస్తే, క్లబ్ తన మాట తప్పిందన్న వార్త. మాట తప్పినందుకు ధర కట్టాలి. కొత్త ఉద్యోగం దొరకని కోచ్‌కు ఒప్పందంలో మిగిలిన కాలం జీతమంతా పరిహారంగా ఇవ్వాలి. ఈలోగా వేరే చోట చేరితే అక్కడ వచ్చే జీతం అందులోంచి తగ్గుతుంది. బజారులో దుకాణం ఐదేళ్లకు అద్దెకిచ్చి రెండో ఏడే ఖాళీ చేయమంటే ఆ యజమాని ఏం చేయాలో మనవాళ్లకు తెలుసు. క్లబ్బు పనీ అంతే.

ఇదే అనుబంధం కోచ్ చేతికీ ఒక ఆయుధం ఇచ్చింది. రెండు నెలల జీతం గడువులోగా ఇవ్వకపోతే కోచ్ లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వొచ్చు. కనీసం 15 రోజుల గడువు పెట్టాలి. అప్పటికీ డబ్బు రాకపోతే తనే ఒప్పందం రద్దు చేసుకుని పరిహారం అడగొచ్చు. బకాయిల కారణంగా తెగిన ఒప్పందానికి మామూలు పరిహారం మీద అదనంగా మూడు నెలల జీతం కలుస్తుంది. జీతం ఇవ్వడానికి మాకు ఇంకొన్నాళ్లు వెసులుబాటు ఉంది అని క్లబ్ ఒప్పందంలో రాసుకున్నా చెల్లదు. వర్క్ పర్మిట్ వస్తేనే ఈ ఒప్పందం అమలు అన్న షరతూ చెల్లదు. ఈ చిన్న చిన్న వాక్యాలు చదువుతుంటే ఒక్కో దాని వెనకా ఎవరో ఒక కోచ్ పడ్డ కష్టం ఉంటుందనిపించింది. ఎవరూ మోసపోకుండా ఇలాంటి నియమాలు పుట్టవు.

ఇక మన చుట్టుపక్కలకు వద్దాం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాళ్లకు ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ అంటే దగ్గర్లో ఉన్నది బెంగళూరే. కుప్పంలో రైలెక్కినా మదనపల్లెలో బస్సెక్కినా ఒక పూటలో కంఠీరవ స్టేడియం చేరొచ్చు. అక్కడి బెంగళూరు ఎఫ్‌సీకి ఏళ్ల తరబడి నాయకుడిగా ఉన్న సునీల్ ఛెత్రి పుట్టింది సికింద్రాబాద్‌లో. ఆ క్లబ్‌కు 2019లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ట్రోఫీ గెలిచిపెట్టిన స్పెయిన్ కోచ్ కార్లెస్ క్వాద్రాత్ 2021 జనవరిలో వెళ్లిపోవాల్సి వచ్చింది. ముంబయి సిటీ చేతిలో 1-3తో ఓడడం వరసగా మూడో ఓటమి. మర్నాడే ప్రకటన వెలువడింది. తర్వాత వచ్చిన వాళ్లలో సైమన్ గ్రేసన్ 2022లో డ్యూరాండ్ కప్ గెలిపించాడు, ఆ సీజన్‌లోనే జట్టును ఐఎస్ఎల్ ఫైనల్‌కు చేర్చాడు. మరుసటి సీజన్‌లో తొమ్మిది మ్యాచ్‌లకు ఒక్క గెలుపు. 2023 డిసెంబర్ 8న సొంత మైదానంలో ముంబయి సిటీ 4-0తో చితక్కొట్టింది. 9న గ్రేసన్ ఉద్యోగం పోయింది.

ఇద్దరి విషయంలోనూ జట్టులో లోపాలున్నాయి. గాయాలున్నాయి, వయసు మీదపడ్డ వాళ్లున్నారు. మరి వేటు కోచ్ మీదే ఎందుకు? ఇరవై పాతికమంది ఆటగాళ్లను మార్చాలంటే బదిలీల కిటికీ (ట్రాన్స్‌ఫర్ విండో) తెరుచుకునే దాకా ఆగాలి, ఇరవై పాతిక ఒప్పందాలు తేల్చాలి. కోచ్‌ది ఒక్క ఒప్పందం, ఆయన్ని మార్చడానికి ఏ కిటికీతోనూ పనిలేదు. అభిమానుల కోపం చల్లారడానికి అంతకంటే చౌకైన దారి యాజమాన్యానికి కనపడదు.

చౌక అనుకోవడం కూడా తప్పేనని చెప్పే లెక్కలున్నాయి. నెదర్లాండ్స్ ఆర్థికవేత్త బాస్ తెర్ వీల్ 1986 నుంచి 2004 దాకా డచ్ లీగ్‌ను పరిశీలించి 2011లో ఒక అధ్యయనం ప్రచురించాడు. కోచ్‌ను తీసేసిన జట్లను, అంతే ఘోరంగా ఓడుతూ కూడా కోచ్‌ను ఉంచుకున్న జట్లతో పోల్చాడు. రెండు రకాల జట్లూ కోలుకున్నాయి, మార్చిన వాళ్లకు అదనంగా ఒరిగిందేమీ కనపడలేదు. అట్టడుగుకు పడ్డ జట్టు సాధారణంగా పైకే వస్తుంది. ఆ పైకి రావడాన్ని కొత్త కోచ్ ఖాతాలో రాసేస్తారు. నేను ఈ వాదన వైపే మొగ్గుతాను.

ఇగోర్ స్టిమాచ్ కథ దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే మొదట చెప్పిన కాగితం విలువ రూపాయల్లో తేలింది అక్కడే. 1998 ప్రపంచకప్‌లో మూడో స్థానం సాధించిన క్రొయేషియా జట్టులో ఆడిన స్టిమాచ్ 2019లో భారత జట్టు కోచ్‌గా వచ్చాడు. 2023 ఆయనకు బంగారు సంవత్సరం. ముక్కోణపు టోర్నీ, ఇంటర్‌కాంటినెంటల్ కప్, దక్షిణాసియా (శాఫ్) టైటిల్ అన్నీ ఆ ఏడాదే దక్కాయి. ఆ సంతోషంలో భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2023 అక్టోబర్‌లో ఒప్పందాన్ని 2026 జూన్ వరకు పొడిగించింది. కొద్ది నెలలకే ఆసియా కప్‌లో మూడు మ్యాచ్‌లూ ఓడి, ఒక్క గోల్ కూడా కొట్టకుండా జట్టు తిరిగొచ్చింది. 2024 మార్చిలో గువాహటిలో అఫ్గానిస్థాన్ చేతిలో 1-2తో ఓడింది. ఛెత్రికి అది 150వ అంతర్జాతీయ మ్యాచ్. జట్టును ప్రపంచకప్ అర్హత పోటీల మూడో రౌండ్‌కు చేర్చలేకపోతే వెళ్లిపోతానని స్టిమాచ్ అంతకుముందే అని ఉన్నాడు.

జూన్ 11న దోహాలో ఖతార్‌తో చివరి మ్యాచ్. మన ఆటగాడు ఛాంగ్తే గోల్‌తో భారత్ ముందంజలో ఉంది. రెండో సగంలో బంతి గోల్‌లైన్ దాటి బయటికి పోయింది. దాన్ని వెనక్కి లాగి ఖతార్ ఆటగాళ్లు గోల్ కొట్టారు, రిఫరీ ఇచ్చేశాడు. వీడియో సమీక్ష లేదు. తర్వాత ఇంకో గోల్ పడి 2-1తో భారత్ కథ ముగిసింది. బంతి బయటికి పోయిందని టీవీలో చూసినవాళ్లందరికీ తెలుసు. ఆ ఒక్క నిర్ణయం సరిగ్గా వచ్చి ఉంటే స్టిమాచ్ ఉద్యోగం నిలిచేదా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

జూన్ 17న సమాఖ్య ఆయన్ని తొలగించింది. 53 మ్యాచ్‌ల్లో 19 గెలుపులు, 14 డ్రాలు, 20 ఓటములు. అసలు చిక్కు అప్పుడు బయటపడింది. ఒప్పందంలో ఇంకా రెండేళ్లు మిగిలి ఉన్నాయి. తన డబ్బు చెల్లించకపోతే ఫిఫా ట్రైబ్యునల్‌కు వెళ్తానని స్టిమాచ్ గడువు పెట్టాడు. చివరికి సమాఖ్య 4 లక్షల డాలర్లు, అంటే మన డబ్బులో 3 కోట్ల 30 లక్షలకు పైగా, ఇచ్చి రాజీ పడింది. మన దేశంలో ఎన్ని జిల్లాల్లో పిల్లలకు సరైన ఫుట్‌బాల్ మైదానం లేదో తెలిసిన వాళ్లకు ఆ అంకె గుండెల్లో గుచ్చుకుంటుంది. డబ్బు పుచ్చుకున్న స్టిమాచ్‌ది తప్పు అని నేను అనను. గెలిచిన వేడిలో, తొలగించాల్సి వస్తే ఏం చేయాలో ఆలోచించకుండా సంతకం పెట్టిన వాళ్లది.

ఆ తర్వాత వచ్చిన మనోలో మార్కెజ్ మన తెలుగువాళ్లకు బాగా తెలిసిన మనిషి. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి హైదరాబాద్ ఎఫ్‌సీకి ఐఎస్ఎల్ ట్రోఫీ తెచ్చింది ఆయనే. భారత జట్టుకు మాత్రం ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒకే గెలుపు ఇవ్వగలిగాడు. పైగా అదే సమయంలో ఎఫ్‌సీ గోవా కోచ్ కూడా. రెండు పడవల ప్రయాణం అప్పగించిన వాళ్లకు ఫలితం ముందే తెలిసి ఉండాలి. 2025 జులైలో ఆయన వెళ్లిపోయాడు, పైసా పరిహారం లేకుండా ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. ఏడాది తేడాలో ఇద్దరు కోచ్‌లు, ఒకరికి నాలుగు లక్షల డాలర్లు, ఇంకొకరికి సున్నా. ఒప్పందం ఎలా రాసుకున్నారు, విడిపోయేటప్పుడు ఎలా మాట్లాడుకున్నారు అన్నదాన్ని బట్టే ఈ తేడా.

హైదరాబాద్ ఎఫ్‌సీలో జరిగింది ఇంకా బాధాకరం. 2019లో మొదలైన క్లబ్ మొదటి సీజన్ మధ్యలోనే ఫిల్ బ్రౌన్‌ను పంపేసింది. అది మామూలు కథే, జట్టు అట్టడుగున ఉంది. మార్కెజ్ వచ్చి మూడేళ్లలో దాన్ని దేశంలో అందరూ చూడాలనుకునే జట్టుగా చేశాడు. 2023లో ఆయన వెళ్లేసరికి ఖజానా ఖాళీ. బకాయిలు తీర్చనందుకు కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. కొత్తగా వచ్చిన ఐర్లాండ్ కోచ్ కోనర్ నెస్టర్ జీతాల గొడవల మధ్య సీజన్ పూర్తి కాకుండానే వెళ్లిపోయాడు. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే సర్దుకున్నారు. మిగిలిన కుర్రాళ్లను పెట్టుకుని బండి లాగింది మణిపూర్‌కు చెందిన థాంగ్‌బోయ్ సింగ్తో. 2023-24లో 22 మ్యాచ్‌లకు ఒక గెలుపు, 8 పాయింట్లు. ఆ పరిస్థితుల్లో ఆ ఒక్క గెలుపుకే నేను ఆయనకు దండం పెడతాను. యాజమాన్యం మారి జట్టు కొత్తగా మొదలైనా, 2024 డిసెంబర్‌లో సింగ్తోకూ క్లబ్‌కూ దారులు వేరయ్యాయి.

ఇక్కడే నన్ను కలచివేసిన సంగతి ఉంది. ఫిఫా ట్రైబ్యునల్ తలుపు తట్టాలంటే తగాదాకు అంతర్జాతీయ కోణం ఉండాలి. విదేశీ కోచ్ భారత క్లబ్ మీద అక్కడికి వెళ్లొచ్చు. భారతీయ కోచ్, భారతీయ క్లబ్ మధ్య గొడవ అయితే ఆ తలుపు తెరుచుకోదు. దేశంలోనే, సమాఖ్య కమిటీల ముందే తేల్చుకోవాలి. ఒకే క్లబ్, ఒకే బకాయి, ఒకే పని. పాస్‌పోర్టును బట్టి రక్షణ మారుతోంది. అనంతపురంలో స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ క్రీడా గ్రామం వల్ల మన సీమ పిల్లలకు ఈ ఆట దగ్గరైంది. రేపు మదనపల్లె నుంచో కుప్పం నుంచో ఒకరు కోచింగ్‌లో డి లైసెన్స్‌తో మొదలుపెట్టి సి, బి, ఎ దాటుకుని ప్రో లైసెన్స్ దాకా ఏళ్ల తరబడి చదివి ఐఎస్ఎల్ బెంచి మీద కూర్చుంటే, వాళ్లకు దక్కేది ఆ రెండో రకం రక్షణే. రెండు నెలల బకాయి, 15 రోజుల నోటీసు అన్న నియమాన్ని స్వదేశీ కోచ్‌ల ఒప్పందాల్లోనూ అక్షరం పొల్లుపోకుండా రాయించాలని సమాఖ్యను అడగాల్సిన సమయం ఇది. అడగాల్సిన వాళ్లలో జిల్లా సంఘాలూ ఉన్నాయి.

2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్ భారత కోచ్ అయ్యాడు. పదమూడేళ్ల తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న భారతీయుడు. అక్టోబర్‌లో గోవాలో సింగపూర్ చేతిలో 1-2తో ఓడి 2027 ఆసియా కప్ అవకాశం చేజారింది. స్టిమాచ్‌ను పంపిన తర్కం ప్రకారమైతే ఆయన్నీ ఆ వారమే పంపేయాలి. పంపలేదు. నవంబర్‌లో ఢాకాలో బంగ్లాదేశ్‌తో మ్యాచ్‌కూ బెంచి మీద ఆయనే ఉన్నాడు. అదీ 0-1తో ఓటమే. అప్పటికి కొన్ని నెలల కిందే పగ్గాలు పట్టిన మనిషికి సమయం ఇవ్వడం సరైన పనే అని నమ్ముతున్నాను.

రహీం సాబ్ రోజుల్లో

జమీల్‌కు ఎన్నో ఏళ్ల ముందు ఆ కుర్చీలో ఉన్న భారతీయుడు, హైదరాబాద్‌లో బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం, సిటీ పోలీస్ జట్టును 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ విజేతగా నిలిపాడు. భారత జట్టుకు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన హయాంలోవే. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆయన శిష్యుడే. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన ఫైనల్ నాటికే రహీం ఒంట్లో క్యాన్సర్ ఉంది. 1963 జూన్ 11న కన్నుమూశాడు.

టైటిల్ గెలిచినా సరే

ఇంగ్లండ్‌లో లెస్టర్ సిటీని 2016 మేలో ఎవరూ ఊహించని విధంగా చాంపియన్‌గా చేశాడు ఇటలీ కోచ్ క్లాడియో రనియెరి. 2017 ఫిబ్రవరి 23న, తొమ్మిది నెలలకే, అదే క్లబ్ ఆయన్ని తొలగించింది. కోచ్‌కే కాదు, టైటిల్ గెలిచిన జట్టుకూ భరోసా లేదు: 2025లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. ఆ జట్టు ఆడిన గచ్చిబౌలిలో ఇప్పుడు ఐఎస్ఎల్ జట్టు లేదు.