పదేళ్ల కోసం కట్టిన ఇళ్లు

వారసత్వ కట్టడాలనగానే మన కళ్లముందు వేయిస్తంభాల గుడో, గోలకొండ కోటో మెదులుతుంది. ఆస్బెస్టాస్ రేకుల ఇంటిని ఆ జాబితాలో చేర్చాలంటే "ఇదేం చోద్యం!" అంటారు మీరు. లండన్‌లోని ఎక్స్‌కాలిబర్ ఎస్టేట్ సంగతి చదివేదాకా నేనూ అలాగే అన్నాను.

రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ బాంబులకు బ్రిటన్‌లో లక్షలాది ఇళ్లు పాడైపోయాయి. ఇటుక మీద ఇటుక పేరుస్తూ కూర్చుంటే జనం తల ఎక్కడ దాచుకోవాలి? అందుకని గోడలూ కప్పూ ఫ్యాక్టరీలోనే తయారుచేసి, లారీల మీద తెచ్చి బిగించే ఇళ్లు 5 లక్షలు ఇస్తామని 1944 మార్చిలో చర్చిల్ రేడియోలో ప్రకటించాడు. చివరికి కట్టింది సుమారు 1,56,000. వాగ్దానాల లెక్క అన్ని దేశాల్లోనూ ఒకటే కాబోలు! ఇవి ఓ పదేళ్లు నిలిస్తే చాలనుకున్నారు.

చూడ్డానికి పెట్టెల్లా ఉన్నా, లోపల రెండు పడకగదులు, స్నానాలగది, వేన్నీళ్లు, మరుగుదొడ్డి ఉండేవి. వంటింట్లో ఫ్రిజ్ కూడానూ! ఆ రోజుల్లో అక్కడి కార్మిక కుటుంబాల్లో చాలామందికి మరుగుదొడ్డి పెరట్లోనే. ఇక్కడ ఇంటిచుట్టూ తోట కూడా ఇచ్చారు. తాత్కాలికంగా దిగినవాళ్లు అక్కడే ఉండిపోయారంటే వింతేముంది?

అలాంటి 187 ఇళ్ల పేటే లండన్ ఆగ్నేయాన క్యాట్‌ఫర్డ్‌లోని ఎక్స్‌కాలిబర్. 1945-46లో జర్మన్, ఇటాలియన్ యుద్ధఖైదీల చేత కట్టించారు. చెక్క చట్రాలు, వాటికి ఆస్బెస్టాస్ సిమెంటు పలకలు. వీధులకు ఆర్థర్ రాజు కథల్లోని వీరుల పేర్లు పెట్టారు. పదేళ్లు కాస్తా అరవై దాటాయి. తక్కిన ఊళ్లలో ఇలాంటివి కూల్చేస్తూ వస్తే, చివరికి దేశంలో మిగిలినవాటిలో ఇదే పెద్ద పేట అయింది.

అప్పుడు మొదలైంది తగువు. వీటిని పడగొట్టి కొత్తిళ్లు కడతామంది లూయిషామ్ కౌన్సిల్. చలి, చెమ్మ, ఆస్బెస్టాస్ - ఈ కారణాలు తీసిపారేయదగ్గవి కావు. 2009లో ప్రభుత్వం పర్సంట్ రోడ్డులోని 6 ఇళ్లను మాత్రం రక్షిత కట్టడాలుగా ప్రకటించింది. మరుసటి ఏడు ఓటింగు పెడితే 56 శాతం కొత్తిళ్లకే ఓటేశారు. ఆపైన విడతలవారీగా కూల్చడం మొదలుపెట్టారు.

బర్మింగ్‌హామ్‌లో మరోలా జరిగింది. వేక్ గ్రీన్ రోడ్డులో 1945లో వేసిన ఇళ్లలో 16 ఇళ్లను 1998లోనే రక్షణ జాబితాలో చేర్చారు. నాకిదే సబబనిపిస్తుంది. ఆరిళ్లు మిగిల్తే నమూనాలు మిగులుతాయి గాని, పేట ఎలా బతికిందో తెలియదు. ఇంటికీ ఇంటికీ మధ్య కాలిబాట, కంచె మీంచి పొరుగువాళ్లతో కబుర్లు, ఒకేలాంటి ఇళ్లకు ఎవరికి తోచిన రంగు వాళ్లు వేసుకోవడం - ఇవి కనబడాలంటే కనీసం ఒక వీధైనా ఉండాలి కదా!

అయితే ఆ 56 శాతాన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. రేకుల గదిలో ఏప్రిల్ నెల పరీక్షలకు చదివినవాణ్ణి నేను.