కుండీలో నిమ్మచెట్టుకు జబ్బు చేస్తే

పెరట్లో నిమ్మచెట్టు లేని ఇల్లు మన వైపు ఒకప్పుడు బహు అరుదు. నల్లగొండ బత్తాయికి పేరు ఎటూ ఉన్నదే. 2016లో సూర్యాపేట వేరే జిల్లా అయి మా గరిడేపల్లి అటు చేరినా, ఆ పేరులో మాకూ కొంత వాటా ఉన్నదనే మేము అనుకుంటూ ఉంటాము. నిజానికి మాది వరి సీమ. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరుకు శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలిన తరువాత, ఎడమ కాలువ కింద ఎటు చూసినా పచ్చని మళ్ళే. అయినా పప్పులోకి పిండుకోవడానికి, పచ్చడి పెట్టుకోవడానికి, ఎండన పడి వచ్చినవారికి ఇంత పానకం కలిపి ఇవ్వడానికి ఇంటి నిమ్మకాయ ఇంట్లోనే ఉండాలనేది మా పెద్దల పట్టుదల.

ఇప్పుడు పెరళ్ళు పోయినాయి. అన్నదమ్ముల వాటాలలో పెరడు గదులయింది. గదుల మీద మేడ లేచింది. చెట్టు కుండీలోకి వచ్చింది. కుండీనైనా డాబా మీద ఉంచుదామంటే కోతులు! అవి కాయ తిన్నా తినకపోయినా కొమ్మ విరవకుండా మాత్రం పోవు. కనుక కుండీ కూడా మనుషులతోపాటు తలుపులు వేసుకొని ఇంట్లో కూర్చున్నది.

చెట్టును ఇంట్లో పెంచే ముచ్చట మనకే పుట్టిందనుకోకండి. ఫ్రాన్సు దేశపు పధ్నాలుగవ లూయీ రాజుగారికి నారింజ చెట్లంటే మహా మోజు. వాటికోసం వెర్సాయి కోటలో 1684 - 86 మధ్య ఒక పెద్ద భవనమే కట్టించాడు. అయితే ఒక సంగతి గమనించండి. ఆ చెట్లు లోపల ఉండేది చలికాలం మాత్రమే. వేసవి రాగానే వాటిని పెట్టెలతో సహా బయట ఎండలో వరుసగా నిలబెట్టేవారు. పన్నెండు నెలలూ నీడన ఉంచితే నిమ్మజాతి చెట్టు ఓర్చుకోదని ఆ రాజుగారి తోటమాలులకు కూడా తెలుసునన్నమాట.

రోగి పరిస్థితి

నేను వైద్యుణ్ణి కాను. చెట్ల డాక్టరును అంతకన్నా కాను. బడి పిల్లలకు చాలాకాలం ప్రకృతి శాస్త్రం చెప్పినవాణ్ణి. ఆ కారణం చేత మా వీధిలో ఏ మొక్కకు తలనొప్పి వచ్చినా నాకు కబురు వస్తుంది. పోయిన యేడు ఆషాఢంలో మా పెద్దమ్మ దగ్గరినుంచి అలాగే కబురు వచ్చింది.

ఆమె కుండీలోనిది మామూలు చెట్టు కాదు. మా పెదనాన్న పెరట్లో పాతిన నిమ్మచెట్టు కొమ్మకు కట్టిన గాలి అంటు అది. తల్లిచెట్టు ఇల్లు కట్టినప్పుడు పోయింది. పెదనాన్న అంతకు ముందే పోయినాడు. ఇక ఆయన చేతి చెట్టు అని చెప్పుకోవడానికి మిగిలింది ఈ కుండీ ఒక్కటే.

"బతుకుతదా నాయనా?" అన్నది పెద్దమ్మ.

చూస్తే సగం ఆకులు రాలిపోయినాయి. ఉన్న ఆకులు పసుపు రాసినట్టున్నాయి. కుండీ అంచున తెల్లగా చవుడు పేరింది. కింద బండలు కాలికి జిగటగా తగులుతున్నాయి. కొమ్మల వెంట చీమలబారు. పైగా ఇరుగుపొరుగుల సలహాలు అప్పటికే చాలా వచ్చి ఉన్నాయి. ఒకరు గుప్పెడు యూరియా వెయ్యమన్నారట. ఒకరు మజ్జిగ పొయ్యమన్నారట. ఇంకొకరు దిష్టి తీయమన్నారు. ఆ మూడింటిలోనూ చెట్టుకు హాని చేయనిది దిష్టి తీయడమేనని నేను పెద్దమ్మతో అన్నాను. జబ్బుపడిన వేరుకు ఎరువు వేయడం, జ్వరంతో ఉన్న మనిషికి పెళ్ళిభోజనం వడ్డించడం వంటిది.

ముందు నాడి చూడాలి

మొదట చూడవలసింది చెట్టు ప్రాణంతో ఉన్నదా అని. ఎండినట్టు కనిపించే పుల్లను గోటితో కొంచెం గీకండి. బెరడు కింద పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నది. గోధుమరంగులో పొడిగా ఉంటే ఆ పుల్ల పోయింది. చివరినుంచి కిందికి గీకుతూ వస్తే ఎంతవరకు పోయిందీ తెలుస్తుంది. పెద్దమ్మ చెట్టులో రెండు కొమ్మలు పూర్తిగా పోయినాయి. మోడు మాత్రం పచ్చగానే ఉన్నది.

రెండవది, పసుపు ఎక్కడ వచ్చింది? ఇది చాలా ముఖ్యం. ముదురాకు మొత్తం ఒకే తీరున పాలిపోతే నత్రజని చాలలేదని అర్థం. ముదురాకు అంచులు పసుపై, తొడిమ దగ్గర మాత్రం తిరగేసిన 'వి' అక్షరంలాగా పచ్చదనం మిగిలితే మెగ్నీషియం తక్కువ. లేతాకు చిన్నదై, ఈనెల మధ్య మచ్చలు మచ్చలుగా పాలిపోతే జింకు లోపం. లేతాకు పాలిపోయి, సన్నని ఈనెలు మాత్రం ఆకుపచ్చని వలలాగా నిలిస్తే ఇనుము అందడం లేదు. మా రోగి లేతాకులు సరిగ్గా ఈ చివరి రకం.

మూడవది, నాకు గుండె దడ పుట్టించిన పరీక్ష. నిమ్మజాతికి గ్రీనింగ్ అనే తెగులు ఒకటున్నది. సిల్లా అనే చిన్న పురుగు దానిని చెట్టునుంచి చెట్టుకు మోస్తుంది. జబ్బు చెట్టు కొమ్మను అంటుకు వాడినా అది వెంట వస్తుంది. వచ్చిన చెట్టును బాగు చేసే మందు లేదు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రానికి అది 2005లో చేరింది. ఇరవై యేళ్ళు తిరిగేసరికి అక్కడి నారింజ పంటలో పదవ వంతు కూడా మిగలలేదు. మన దేశంలోనూ ఈ తెగులు ఉన్నది. కుండీ చెట్టుకు అది వచ్చిందంటే, దయ తలచి ఉంచుకోవడానికి వీలులేదు. చుట్టుపక్కల బత్తాయి తోటల క్షేమం కోసం దానిని తీసివేయవలసిందే. పెద్దమ్మకు ఆ మాట ఎలా చెప్పేది?

పరీక్ష మాత్రం తేలిక. ఆకును వెలుతురుకు అడ్డంగా పట్టి, నడిమి ఈనెకు అటూ ఇటూ ఉన్న రెండు సగాలనూ పోల్చాలి. ఆహారలోపం అయితే రెండు సగాలూ అద్దంలో ఒకదానినొకటి చూసుకున్నట్టు ఒకే తీరుగా ఉంటాయి. గ్రీనింగ్ అయితే ఒక సగంలో ఉన్న మచ్చ రెండవ సగంలో ఉండదు, వంకరటింకరగా ఉంటాయి. పది ఆకులు పట్టి చూశాను. పదింటిలోనూ రెండు సగాలూ ఒక్కటే. అనుమానం మిగిలితే మాత్రం మీ కంటిని నమ్ముకోవద్దు, తెలిసినవారికి చూపించండి. మా మండలంలో గడ్డిపల్లిలోనే కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నది. మీ జిల్లాలో కూడా అటువంటిది ఉంటుంది. నాలుగు ఆకులు సంచీలో వేసుకొని వెళ్ళడం పెద్ద పని కాదు.

అసలు దోషం వేరులో

నాలుగవది, వేలు పరీక్ష. మట్టిలో రెండు అంగుళాల లోతుకు వేలు దింపాను. బురద! కుండీ కింద బండలు పాడవకుండా పళ్ళెం పెట్టారు. రోజూ పొద్దున బియ్యం కడిగిన నీళ్ళు, సాయంత్రం బోరు నీళ్ళు పోస్తున్నారు. పళ్ళెంలో నిలిచిన నీటిలోనే కుండీ రాత్రింబవళ్ళు నానుతున్నది. కుండీ పక్కకు వంచి, మట్టిగడ్డతో సహా చెట్టును మెల్లగా బయటికి లాగితే మురుగు వాసన కొట్టింది. మంచి వేరు తెల్లగా గాని, లేత గోధుమరంగులో గాని గట్టిగా ఉంటుంది. కుళ్ళిన వేరును రెండు వేళ్ళతో లాగితే పై తోలు ఒరలాగా ఊడి వచ్చి, లోపల దారం మిగులుతుంది. ఇక్కడ మూడవ వంతు వేళ్ళు అట్లాగే ఉన్నాయి.

ఇప్పుడు కథ అంతా విడిపోయింది చూడండి. బయట మిట్టమధ్యాహ్నపు వెలుతురు సుమారు లక్ష లక్సులు ఉంటే, పగటిపూట గదిలో కిటికీకి దూరంగా ఉండేది కొన్ని వందలే. మన కళ్ళకు పేపరు చదువుకోవడానికి అది చాలు; చెట్టుకు అది అరకడుపు అన్నం. వెలుతురు లేని ఆకు నీరు పెద్దగా తాగదు. తాగని నీరు మట్టిలోనే ఉండిపోతుంది. వేరుకు నీరు ఎంత అవసరమో గాలి అంతే అవసరం. నీరు నిండిన మట్టిలో గాలి ఉండదు. ఊపిరాడక వేరు కుళ్ళుతుంది. కుళ్ళిన వేరు ఇనుమును అందుకోలేదు. పైగా మా బోరు నీటిలో సున్నం ఎక్కువ. గిన్నె అడుగున తెల్లగా పేరేదీ, కుండీ అంచున పేరిందీ అదే. ఆ సున్నం మట్టిలో ఉన్న ఇనుమును కరగనివ్వదు. అంటే మట్టిలో ఇనుము ఉండి కూడా చెట్టుకు పస్తే.

ఇక బండల మీద జిగట, చీమలు? ఆకుల అడుగున, కొమ్మల మీద గోధుమరంగు పొక్కులున్నాయి. అవి పొక్కులు కావు, పొలుసు పురుగులు. రసం పీల్చి తీపి జిగురు విడుస్తాయి. ఆ తీపికోసం చీమలు వచ్చి వాటికి కాపలా కాస్తాయి. బయట అయితే వాన కొంత కడిగేది, అక్షింతల పురుగులు కొన్నింటిని తినేవి. ఇంట్లో ఆ రెండూ లేవు.

చికిత్స

కుళ్ళిన వేళ్ళను పదునైన కత్తెరతో కోసివేశాను. కత్తెరను ముందు స్పిరిటుతో తుడవడం మరవకండి. ఎండిన పుల్లలను పచ్చదనం తగిలేవరకు కత్తిరించాను. కొత్త మట్టి కలపడం ఇట్లా: రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ముతక ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు. కుండీ అడుగున గులకరాళ్ళు పరిస్తే నీరు బాగా దిగుతుందని చాలామంది అనుకుంటారు. అది భ్రమ. నీరు ఆ రాళ్ళకు పైన మట్టిలోనే ఆగుతుంది. రంధ్రం మీద ఒక పెంకుముక్క బోర్లిస్తే చాలు. కుండీ కూడా మరీ పెద్దది వద్దు. వేళ్ళకు చుట్టూ రెండు అంగుళాల చోటుంటే సరి. నర్సరీలో కొన్న అంటుమొక్క అయితే అంటు కట్టిన కణుపు మట్టికి పైన ఉండాలి. దాని కిందనుంచి లేచే చిగుళ్ళను తుంచివేయాలి.

పొలుసు పురుగులను సబ్బునీటిలో ముంచిన దూదితో ఒక్కొక్కటీ తుడిచివేశాము. ఆ పని పెద్దమ్మే చేసింది. కళ్ళద్దాలు పెట్టుకొని రెండు మధ్యాహ్నాలు కూర్చున్నది. తరువాత లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు కలిపి వారానికొకసారి చొప్పున మూడుసార్లు సాయంత్రంపూట చల్లాము. చీమలు పోయేసరికి బండల జిగట కూడా పోయింది.

నీటి విషయంలో ఒకటే నియమం పెట్టాను. గడియారం చూసి పోయవద్దు. వేలు పెట్టి చూసి పోయాలి. రెండంగుళాలు ఆరితేనే నీరు. పోసినప్పుడు అడుగునుంచి కారేదాకా పోయాలి. కారిన నీటిని పళ్ళెంలోనుంచి పారబోయాలి. వానకాలం కనుక చూరు కింద బిందె పెట్టి వాననీరు పట్టుకున్నాము. దానిలో సున్నం ఉండదు.

పది రోజులు నీడపట్టున ఉంచి, తరువాత తూర్పు కిటికీకి ఆనించి పెట్టాము. పొద్దుటి ఎండ నాలుగయిదు గంటలు అక్కడ పడుతుంది. నీడన ఉన్న చెట్టును ఒక్కసారి మిట్టమధ్యాహ్నపు ఎండలో పెడితే ఆకు మాడిపోతుంది. కొంచెం కొంచెంగా అలవాటు చేయాలి. వారానికొకసారి కుండీని పావు వంతు తిప్పాలి.

కొత్త చిగురు కనిపించేవరకు ఎరువు ఊసే లేదు. చిగురు విచ్చిన తరువాత లీటరు నీటికి మూడు గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, చల్లపొద్దున పదిహేను రోజులకొకసారి ఆకుల మీద పిచికారీ చేశాము. అన్నభేది అంటే ఇనుము ఉన్న ఉప్పే.

ఫలితం

మొదటి నెల ఉన్న ఆకులలో కూడా కొన్ని రాలినాయి. ఇక్కడే చాలామంది ధైర్యం చెడి, చెట్టును పారవేస్తారు, లేదా ఇంకో చెంబు నీళ్ళు పోస్తారు. పెద్దమ్మ రోజూ గోటితో గీకి చూస్తానంటే, "గీకీ గీకీ నువ్వే చంపుతావు" అని వద్దన్నాను. శ్రావణం చివర మోడు మీద ఆవగింజంత పచ్చని మొటిమలు రెండు లేచినాయి. కార్తీకానికి ముదురు పచ్చని ఆకులు. మాఘంలో పూత. ఇంట్లో తేనెటీగలు రావు కనుక, దూదిపుల్లతో పువ్వునుంచి పువ్వుకు పుప్పొడి అద్దమన్నాను.

పిందెలు పడినాక, కోలుకుంటున్న చెట్టుకు బరువు వద్దు, అన్నీ తుంచివేయమన్నాను. పెద్దమ్మ అన్నీ తుంచింది. ఒక్కదాని దగ్గర చెయ్యి ఆపింది. "ఒక్కటి ఉండనీ నాయనా" అన్నది. పుస్తకం ఏమి చెప్పినా ఆ ఒక్కదానికి నేను అడ్డు చెప్పలేదు. పూతనుంచి కాయ పక్వానికి రావడానికి అయిదారు నెలలు పడుతుంది.

ఒక్క చెట్టునే నమ్ముకొని ఉండడం మంచిది కాదని కూడా చెప్పాను. ఈ వానకాలంలో పెన్సిలంత లావున్న ఆరోగ్యమైన కొమ్మ ఒకటి చూసి, అంగుళం మేర బెరడు చుట్టూ తీసివేసి, తడిపిన కొబ్బరిపొట్టు కప్పి ప్లాస్టిక్ కాగితంతో బిగించి కట్టాము. రెండు నెలల్లో వేళ్ళు పారుతాయి. ఆ పిల్లమొక్క ఎవరికి పోవాలో పెద్దమ్మ అప్పుడే తేల్చింది. కోదాడలో ఉన్న కూతురికట. వాళ్ళ ఇంటికి తూర్పు కిటికీ ఉన్నదో లేదో మాత్రం ముందుగా నన్ను వెళ్ళి చూసి రమ్మన్నది.